సోఫాలో వినపడని దరువు

కిందటి వేసవిలో మా బావమరిది కూకట్‌పల్లిలో కొత్త ఫ్లాట్‌లోకి మారి, హాల్లో హోమ్ థియేటర్ పెట్టించుకున్నాడు. ముందు రెండు నిలువెత్తు స్పీకర్లు, టీవీ కింద ఒకటి, వెనక రెండు, టీవీ పక్క మూలలో పన్నెండంగుళాల సబ్‌వూఫర్. అమ్మినవాళ్లే మనిషిని పంపి వైర్లు కలిపించారు. ఆదివారం నన్ను భోజనానికి పిలిచి, విస్తరి వేయకముందే సోఫాలో కూర్చోబెట్టి యుద్ధం సీను పెట్టాడు. ఏనుగులు పరిగెత్తుతున్నాయి, కోటగోడ కూలుతోంది. మోత అయితే ఉంది గానీ, అందులో బరువు లేదు. రాయి పడ్డట్టు లేదు, అట్టపెట్టె పడ్డట్టుంది. ఇంతలో వంటింట్లోంచి అత్తయ్య కేక: "ఒరేయ్, అది తగ్గించరా! స్టాండులో గిన్నెలు కింద పడేట్టున్నాయి."

"చూశావా బావా," అన్నాడు వాడు. "నేను కూర్చునే చోట ఏమీ లేదు, అమ్మ నిలబడే చోట భూకంపం. సబ్ పాడైందంటావా? ఇంకా పెద్దది కొనాలా?"

సబ్ పాడవలేదు. పెద్దది కొంటే గిన్నెలు నిజంగానే కింద పడతాయి తప్ప, సోఫాలో కూర్చున్నవాడికి దక్కేది మాత్రం పెద్దగా పెరగదు. హోమ్ థియేటర్ కొన్నవాళ్లు చాలామంది ఈ దశలో ఆగిపోతారు. కొందరు సరిపెట్టుకుంటారు, కొందరు మళ్లీ డబ్బు పోస్తారు. అడుగు స్వరాలు, అంటే మనం బేస్ అనేవి, పెట్టెలో ఉన్న శక్తిని బట్టి కాక, పెట్టె ఎక్కడుంది, చెవి ఎక్కడుంది, ఏ స్వరం ఎవరికి అప్పగించాం అన్నదాన్ని బట్టి వినపడతాయి. ఆ అప్పగింత పనినే బేస్ మేనేజ్‌మెంట్ అంటారు.

ముందు ఆ స్వరాల కొలత తెలియాలి. ఇరవై అయిదు డిగ్రీల వేడిలో గాలిలో శబ్దం సెకనుకు 346 మీటర్లు పోతుంది. 1000 హెర్ట్జ్ శబ్దానికి తరంగదైర్ఘ్యం జానెడున్నర. 80 హెర్ట్జ్‌కి 4.3 మీటర్లు. మనిషి చెవి అందుకోగల అట్టడుగు, 20 హెర్ట్జ్, దానికి 17 మీటర్ల పైమాటే, దాదాపు 57 అడుగులు. హాలేమో పదిహేను అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు. అంటే అడుగు స్వరాల అల గదిలో పట్టదు. గోడకు తగిలి వెనక్కి వస్తుంది, వచ్చే అలతో కలుస్తుంది. కొన్నిచోట్ల రెండూ కలిసి రెట్టింపవుతాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి మింగేస్తాయి. ఇంటర్ ఫిజిక్స్‌లో అనునాద గొట్టం ముందు శృతిదండం పట్టుకుని చదువుకున్న స్థిర తరంగాలు ఇవే. ఆ గొట్టం ఇప్పుడు మన హాలు.

లెక్క తేలికే. శబ్దవేగాన్ని గది పొడవుకి రెట్టింపుతో భాగిస్తే ఆ దిశలో మొదటి అనునాదం వస్తుంది. పదిహేను అడుగులకి 38 హెర్ట్జ్, పన్నెండడుగులకి 47, పదడుగుల ఎత్తుకి 57. ఈ మొదటి అనునాదంలో పీడనం గోడల దగ్గర అత్యధికం, సరిగ్గా మధ్యలో దాదాపు సున్నా. ఇక మా బావమరిది సోఫా ఎక్కడుందో చెప్పనక్కర్లేదు. అందంగా, సమంగా, హాలుకి నట్టనడుమ ఉంది. పొడవులో మధ్య కాబట్టి 38 లేదు, వెడల్పులో మధ్య కాబట్టి 47 కూడా లేదు. వంటింటి గుమ్మం వెనక మూలలో ఉంది, అక్కడ రెండూ శిఖరం మీదున్నాయి. వాడి ఇంట్లో దరువంతా అత్తయ్య వింటోంది.

నమ్మకం కుదరడానికి ఒక పరీక్ష చేశాం. మిగతా స్పీకర్లు ఆపి, ల్యాప్‌టాప్ నుంచి 38 హెర్ట్జ్ స్వరం ఒక్కటే సబ్‌కి పంపించాం. అది పాట కాదు, మాట కాదు, దూరంగా ట్రాన్స్‌ఫార్మర్ మూలిగినట్టు ఆగకుండా ఉంటుంది. వాడిని టీవీ గోడ దగ్గర్నుంచి నెమ్మదిగా వెనక్కి నడవమన్నాను. గోడ దగ్గర ఒంటికి తగులుతున్న మూలుగు, నాలుగడుగులు వచ్చేసరికి పలచబడింది. సోఫా దగ్గరికి వచ్చేసరికి ఎవరో స్విచ్ తీసేసినట్టు పోయింది. ఇంకో నాలుగడుగులు వేస్తే మళ్లీ లేచింది. వాడు ముందుకీ వెనక్కీ నడుస్తూ, తల వంచి ఎత్తుతూ, ఆ హద్దు ఎక్కడుందో చెవితో వెతుక్కున్నాడు. గాలిలో కంటికి కనపడని ఒక గుంట ఉందని, దాన్లోకి తల పెడితే శబ్దం మాయమవుతుందని ఒంటితో తెలుసుకోవడం పుస్తకంలో చదవడం లాంటిది కాదు. ఎవరికైనా పావుగంట పని. హోమ్ థియేటర్ ఉన్న ప్రతివాళ్లూ ఒక్కసారి చేసి చూడాలని నా కోరిక.

సబ్‌కి మంచి చోటు వెతకడానికి ఒక పాత చిట్కా ఉంది. సబ్‌ని తీసుకెళ్లి మనం కూర్చునే చోట పెట్టి, మనం నేలమీద పాకుతూ, గోడల వారగా ఎక్కడ దరువు సమంగా వినపడితే అక్కడికి సబ్‌ని మార్చడం. శబ్దం ఇక్కణ్నుంచి అక్కడికి ఎలా వెళుతుందో, అక్కణ్నుంచి ఇక్కడికీ అలాగే వస్తుందన్నది దీని వెనకున్న సూత్రం. ఇద్దరం సబ్‌ని మోసి సోఫా మీద పెట్టాం, అత్తయ్య ఇచ్చిన సుద్దముక్క పట్టుకుని గోడల వెంబడి మోకాళ్ల మీద తిరిగాం. 38 హెర్ట్జ్ ఎక్కడా లేవలేదు. ఏ మూలలోనూ లేదు.

ఇది చాలామంది గమనించని సంగతి. చెవి గుంటలో ఉంటే గదిలో సబ్‌ని ఎక్కడ పెట్టినా ఆ స్వరం చెవికి సరిగా చేరదు. తప్పు సబ్‌ది కాదు, సోఫాది. సోఫాని రెండున్నర అడుగులు వెనక్కి జరిపి, చెవులు టీవీ గోడకి పదడుగుల దూరంలోకి వచ్చేలా చేశాం. పొడవులో మూడింట రెండు వంతులు. వెనక గోడకి పూర్తిగా ఆనించకూడదు, అక్కడ శిఖరం ఉంటుంది, ప్రతి దెబ్బా ఉబ్బుతుంది. సబ్‌ని మూలలోంచి తీసి టీవీకి పక్కగా, గోడ మధ్యకి తెచ్చాం. అలా తెస్తే అది వెడల్పు దిశలోని 47 హెర్ట్జ్ అనునాదాన్ని దాదాపు రేపనే రేపదు, కాబట్టి సోఫాలో మధ్యవాడికీ చివరివాడికీ తేడా తగ్గుతుంది. మూలలో రెండు గోడలూ నేలా కలిసి ఇచ్చే బలం పోతుంది, నిజమే. ఆ మేరకు సబ్ వాల్యూమ్ కాస్త పెంచుకోవచ్చు.

ఇంతవరకూ రిమోట్ ముట్టుకోలేదు. అదే సరైన వరస అని నా అభిప్రాయం. గుంటలో ఉన్న స్వరాన్ని ఈక్వలైజర్‌తో పైకి లేపుదామంటే కుదరదు. పది డెసిబెల్స్ లేపాలంటే యాంప్లిఫయర్ పదింతలు శక్తి పోయాలి, పోసినదంతా ఆ గుంటలో మళ్లీ ఒకదాన్నొకటి మింగేసుకుంటుంది. శిఖరాన్ని మాత్రం హాయిగా కోయొచ్చు. కనుక చోటుతో గుంటలు పూడ్చుకుని, ఈక్వలైజర్‌తో శిఖరాలు కోసుకోవాలి.

ఇప్పుడు రిసీవర్, అంటే స్పీకర్లన్నిటికీ శబ్దం పంచే పెట్టె, దాని సెట్టింగుల్లోకి వెళ్లాం. వైర్లు కలిపిన మనిషి ముందు స్పీకర్లను 'లార్జ్' అని పెట్టి వెళ్లాడు. నిలువెత్తున ఉన్నాయి కదా, చిన్నవి అంటే ఎలా అనుకుని ఉంటాడు. ఈ రెండు మాటలూ పెట్టె సైజుకి సంబంధించినవి కావు. 'లార్జ్' అంటే అడుగు స్వరాలన్నీ ఆ స్పీకరే మోస్తుంది. 'స్మాల్' అంటే ఒక హద్దు కింద ఉన్నవాటిని సబ్‌కి అప్పగిస్తుంది. మోయడంలో కష్టం ఎంతో చూడండి: అదే పెద్దతనంతో స్వరం ఒక మెట్టు కిందికి, అంటే 60 నుంచి 30 హెర్ట్జ్‌కి దిగితే, స్పీకర్ కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం ముందుకీ వెనక్కీ ఊగాలి. ఆరంగుళాల కోన్‌కి అది ప్రాణసంకటం. పైగా అదే కోన్ మాటల్నీ పలకాలి. ఊయల బల్ల మీద నిలబడి ఊగుతూ పాట పాడితే గొంతు ఎలా వణుకుతుందో, పిడుగు పడే సీనులో హీరో మాట అలా వణుకుతుంది. అడుగు స్వరాలు సబ్‌కి వెళ్లిపోతే ఊయల ఆగుతుంది, మాట తేటపడుతుంది. 'స్మాల్'కి మార్చగానే మా బావమరిది మొదట అన్నది దరువు గురించి కాదు. "డైలాగు బాగా తెలుస్తోంది బావా."

మృదంగం తెలిసినవాళ్లకి ఈ పని విభజన కొత్త కాదు. ఎడమవైపు తొప్పికి కచేరీ ముందు తడిపిన రవ్వముద్ద అద్దుతారు. బరువు పెరిగిన తోలు నిదానంగా కంపిస్తుంది, స్వరం కిందికి దిగుతుంది. సబ్ కోన్‌ని బరువుగా చేయడంలోనూ ఉన్నది ఆ కిటుకే. గుమ్కీ పలికే వైపు వేరు, చాపు పలికే వైపు వేరు, రెండూ కలిస్తేనే ఒక వాద్యం.

హద్దు ఎక్కడ పెట్టాలి? చాలా గదుల్లో 80 హెర్ట్జ్. ఆ అంకె వెనక టామ్లిన్సన్ హోల్మన్ అనే ఇంజినీరు పని ఉంది. లూకస్‌ఫిల్మ్‌లో 1983లో థియేటర్ల కోసం మొదలైన టీహెచ్‌ఎక్స్ ఆయనదే, ఆ పేరులో ఆయన పేరు అక్షరాలూ ఉన్నాయి. గదిలో సుమారు 80 హెర్ట్జ్ కింద శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో చెవి సరిగా పోల్చుకోలేదు. ఎడమ చెవికీ కుడి చెవికీ మధ్య దూరం జానెడు లేదు, అల ఏమో పద్నాలుగడుగులు. రెండు చెవులకీ అది ఇంచుమించు ఒకేలా అందుతుంది. అందుకే సబ్ ఎక్కడున్నా పేలుడు తెరమీద నుంచే వచ్చినట్టు అనిపిస్తుంది. హద్దుని 150కి పెంచితే మగ గొంతులోని అడుగు భాగం సబ్‌లోకి జారి, హీరో సగం మాట పక్కనున్న పెట్టెలోంచి వస్తున్నట్టవుతుంది. అరచేతిలో పట్టే బుల్లి స్పీకర్లయితే 120 దాకా వెళ్లక తప్పదు, అప్పుడు సబ్‌ని ముందు గోడ దగ్గరే ఉంచుకోవాలి. స్పీకర్ నికరంగా ఎంత కిందికి దిగగలదో దానికంటే కాస్త పైనే హద్దు గీయాలి. 60 వరకు దిగే స్పీకర్‌కి 80 బాగా అమరుతుంది.

ఈ హద్దు గోడలా నిటారుగా ఉండదు, వాలులా ఉంటుంది. కొంత మేర స్పీకర్, సబ్ రెండూ కలిసి పలుకుతాయి. సబ్ వెనక కూడా ఇదే హద్దు గీసే క్రాస్ఓవర్ మీట ఉంటుంది, దాన్ని చివరి దాకా తిప్పేయాలి, లేదా ఎల్‌ఎఫ్‌ఈ అని రాసి ఉన్న కన్నంలో వైరు పెట్టాలి. లేకపోతే రిసీవర్ ఒకసారి, సబ్ ఒకసారి వడపోసి 80 దగ్గర పలచన చేస్తాయి. మా వాడి సబ్‌లో ఆ మీట సగంలో ఉంది.

ఎల్‌ఎఫ్‌ఈ అంటే ఏమిటో కూడా ఇక్కడే చెప్పాలి, అందరూ పొరబడేది దీని దగ్గరే. 5.1లో ఆ పాయింట్ వన్ అంటే సబ్‌వూఫర్ అనుకుంటారు. కాదు. అది సినిమావాళ్లు అడుగు స్వరాల కోసం అదనంగా ఇచ్చే ఒక ట్రాక్, 120 హెర్ట్జ్ వరకే ఉంటుంది, మిగతావాటి కంటే పది డెసిబెల్స్ ఎక్కువ గట్టిగా మోగడానికి వీలుండేలా పెట్టారు. సినిమా హాళ్లకి ఆ కోరిక పాతదే. 1974లో 'ఎర్త్‌క్వేక్' సినిమాకి యూనివర్సల్ వాళ్లు సెన్సరౌండ్ పేరుతో పెద్ద పెద్ద వూఫర్లు హాల్లో పెట్టి కుర్చీలు అదిరించారు. 1992లో 'బ్యాట్‌మ్యాన్ రిటర్న్స్'తో డాల్బీ డిజిటల్ వచ్చాక ఆ ట్రాక్ సినిమా రీలు మీదే స్థిరపడింది. మన ఇంట్లో సబ్‌కి రెండు పనులు: ఆ ట్రాక్ పలకడం, మిగతా అయిదు స్పీకర్లు అప్పగించిన అడుగు స్వరాలు పలకడం. రిసీవర్‌లో 'ఎల్‌ఎఫ్‌ఈ ప్లస్ మెయిన్' అని ఒక ఎంపిక ఉంటుంది. పేరు చూసి అదేదో ఎక్కువ ఇస్తుందని నొక్కకండి. ఒకే స్వరాన్ని స్పీకరూ సబ్బూ రెండూ పలికి, గదిలో ఒకచోట ఉబ్బి, ఒకచోట సన్నబడుతుంది.

తర్వాత సమయం. 80 హెర్ట్జ్ దగ్గర సగం తరంగం అంటే ఏడడుగులు. సబ్ శబ్దం ముందు స్పీకర్ శబ్దం కంటే ఏడడుగుల దూరమంత ఆలస్యంగా చెవికి చేరిందంటే, ఒకటి గాలిని నొక్కుతున్నప్పుడు ఇంకొకటి లాగుతుంది. సరిగ్గా అప్పగింత జరిగే చోట శబ్దం చచ్చిపోతుంది. డప్పు దెబ్బలో బిగువు ఉండేది ఆ ప్రాంతంలోనే. మైకు పెట్టి రిసీవర్ చేత కొలిపిస్తే అది సబ్ దూరం పద్నాలుగడుగులు అని చూపించింది. టేపుతో కొలిస్తే పది. "ఇది తప్పు బావా, మారుస్తాను" అని రిమోట్ అందుకున్నాడు. ఆపాను. సబ్ లోపలి సర్క్యూట్లు శబ్దాన్ని కొన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తాయి, ఒక్కో మిల్లీసెకను అడుగు పైచిలుకు దూరంతో సమానం. రిసీవర్ కొలిచింది నేలమీది దూరం కాదు, శబ్దం చేరడానికి పట్టిన వేళ. దాన్ని అలాగే ఉంచాలి. అనుమానం తీరకపోతే 80 హెర్ట్జ్ స్వరం ముందు స్పీకర్, సబ్ రెండిట్లోనూ పెట్టి, సోఫాలో కూర్చుని, ఇంకొకరి చేత సబ్ వెనక ఫేజ్ స్విచ్ 0కీ 180కీ మార్పించాలి. ఎందులో గట్టిగా వినపడితే అది సరైనది.

మైకుతో కొలిచేటప్పుడు దాన్ని సోఫా వీపు మీద పెట్టకూడదు, చెవి ఎత్తులో స్టాండు మీద నిలబెట్టాలి, నాలుగైదు చోట్ల కొలవాలి. ఫ్యాను, ఏసీ ఆపాలి. కొలత అయ్యాక సెట్టింగులు మళ్లీ చూసుకోవాలి, కొన్ని రిసీవర్లు ముందు స్పీకర్లను తిరిగి 'లార్జ్' చేసేస్తాయి. ఫోన్‌లోని డెసిబెల్ యాప్‌ని ఇక్కడ నమ్మకండి. ఫోన్ మైకు మాట కోసం చేసింది.

ఇన్ని చేశాక కూడా రాత్రి పూట తక్కువ వాల్యూమ్‌లో పెడితే దరువు పోయినట్టుంటుంది. అది పరికరం లోపం కాదు, చెవి తీరు. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీశారు. 1000 హెర్ట్జ్ స్వరం రెండు మూడు డెసిబెల్స్ ఉన్నా మంచి చెవికి అందుతుంది, 20 హెర్ట్జ్ అందాలంటే 78 డెసిబెల్స్ దాకా కావాలి. వాల్యూమ్ తగ్గించిన కొద్దీ అడుగు స్వరాలు అందరికంటే ముందు మునిగిపోతాయి. తక్కువ వాల్యూమ్‌కి తగ్గట్టు బేస్‌ని కొంచెం ఎత్తే ఏర్పాటు ఇప్పుడు చాలా రిసీవర్లలో ఉంది. అపార్ట్‌మెంట్‌లో రాత్రి పదింటి తర్వాత దాన్ని కూడా ఆపేయడం మర్యాద. సబ్ కింద రబ్బరు దిమ్మలు పెడితే నేలకి పాకే అదురు తగ్గుతుంది గానీ, గాలిలో వెళ్లే దరువు స్లాబు దాటి కింది వాళ్లకి చేరుతూనే ఉంటుంది.

మన ఇళ్ల గోడల సంగతి విడిగా చెప్పాలి. హోమ్ థియేటర్ సలహాలు చాలావరకు అమెరికా నుంచి వస్తాయి. అక్కడి ఇళ్లలో చెక్క చట్రానికి జిప్సం పలకలు బిగిస్తారు, అవి అడుగు స్వరాలకి కాస్త ఊగి కొంత శక్తిని తాగేస్తాయి. మనది ఇటుక గోడ, కాంక్రీటు స్లాబు, టైల్స్ నేల. ఏదీ ఊగదు, వచ్చిందంతా తిప్పి కొడుతుంది. కాబట్టి మన గదుల్లో శిఖరాలు ఎక్కువ ఎత్తు, గుంటలు ఎక్కువ లోతు, చోటు విషయంలో మనం ఇంకా జాగ్రత్త పడాలి. గోడకి రెండంగుళాల ఫోమ్ అంటించినా, బరువైన కర్టెన్లు వేసినా 40 హెర్ట్జ్‌కి చీమ కుట్టినట్టయినా ఉండదు. ఆ అలలో పావువంతే ఏడడుగులు. ఫోమ్ పైస్వరాలను మాత్రమే తాగి, గదిని ఇంకా మొద్దుగా వినిపిస్తుంది.

సాయంత్రం అయ్యేసరికి పని తేలింది. యుద్ధం సీను మళ్లీ పెట్టకుండా నేను తెచ్చుకున్న పాత మృదంగం రికార్డింగు పెట్టాం. గుమ్కీ ఒక్కొక్కటీ జారుతూ, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలిసేలా వచ్చింది. పొద్దున్నయితే అన్ని దెబ్బలూ ఒకే మూలుగులో కలిసిపోయేవి. వాల్యూమ్ పొద్దుటికంటే తక్కువే.

వెనక గోడకి ఆనించి దివాన్ ఉంది, దానిమీద మామయ్య. "నాకు మాత్రం గుండెల మీద కొట్టినట్టుందయ్యా" అన్నారు. ఆయన 38 హెర్ట్జ్ శిఖరం మీద కూర్చున్నారు. ఒక్క సబ్‌తో ఒక కుర్చీని బాగుచేయొచ్చు, గదంతా సమం చేయడం కష్టం. హర్మన్ సంస్థలో టాడ్ వెల్టీ అనే పరిశోధకుడు 2002లో ఈ ప్రశ్న పట్టుకుని, ఎన్ని సబ్‌లు ఎక్కడెక్కడ పెడితే అన్ని కుర్చీలకీ ఒకేలా అందుతుందో వరసగా లెక్కకట్టి చూశాడు. ఎన్ని ఉన్నా నాలుగు దాటితే పెద్ద లాభం లేదని, రెండే అయినా ఎదురెదురు గోడల మధ్యల్లో పెడితే చాలా సమం అవుతుందని తేలింది. కారణం ఇందాకటి స్థిర తరంగంలోనే ఉంది. 38 హెర్ట్జ్‌కి ముందు గోడ దగ్గర పీడనం పెరిగినప్పుడు వెనక గోడ దగ్గర తగ్గుతుంది. రెండు చోట్లా రెండు సబ్‌లు ఒకేసారి నొక్కితే ఆ ఊగిసలాట మొదలవదు. ఊయల రెండు వైపులా ఇద్దరు నిలబడి ఒకేసారి తోసినట్టు.

"అంటే ఇంకొకటి కొనాలన్నమాట," అన్నాడు బావమరిది, అత్తయ్య వైపు చూడకుండా. వెనక గోడ మధ్యలో ఆవిడ కుట్టుమిషన్ ఉంది.

అత్తయ్య తలుపు దగ్గరికి వచ్చింది. "అది పెడితే నా గిన్నెలు ఇంకా ఎక్కువ మోగుతాయా బాబూ?" అని నన్నడిగింది.

తగ్గుతాయని చెప్పాను. గిన్నెలు మోగింది ఆ మూలలో ఊగే అల వల్ల. రెండు సబ్‌లూ మధ్యల్లో ఉంటే ఆ అల లేవదు.

"అయితే మిషను కిటికీ పక్కకి జరపండి," అంది. "అక్కడ వెలుతురు కూడా బాగుంటుంది."